తనఖా పత్రాల్లో మనుషుల పేర్లు

అంతర్యుద్ధానికి ముందు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అప్పిచ్చేవాడికి భూమి కన్నా బానిసల మీదే నమ్మకం ఎక్కువ. భూమి కదలదు, ధర పడిపోతే కొనేవాడు వచ్చేదాకా కాచుకోవాలి. మనిషికైతే వర్జీనియాలో గిరాకీ లేకపోయినా న్యూ ఆర్లీన్స్‌కు తోలుకెళ్లి అమ్ముకోవచ్చు. పైగా తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. ఆవును కుదువ పెడితే పుట్టబోయే దూడా లెక్కలోకి వచ్చినట్టు, ఇంకా కడుపున పడని పిల్లలను కూడా వీలునామాల్లో, తనఖా పత్రాల్లో ముందే కలిపి రాసుకునేవారు.

కుటుంబాల్లో ఇది ఎలా నడిచిందో, తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఇంట చూడొచ్చు. 1773లో మామగారు జాన్ వేల్స్ పోయాక జెఫర్సన్ దంపతుల వాటాకు సుమారు 11,000 ఎకరాలు, 135 మంది బానిసలు వచ్చారు. వాటి వెంటే బ్రిస్టల్ వర్తకుల బాకీ కూడా వచ్చింది. ఆ బాకీ తీరకముందే అల్లుళ్లు ఆస్తి పంచేసుకోవడంతో ఎవరి వాటా అప్పు వాళ్ల మెడకు చుట్టుకుంది. అలా వచ్చినవాళ్లలో శాలీ హెమింగ్స్ అనే పసిబిడ్డ ఒకతె. ఆమె తండ్రి వేల్సే అని చరిత్రకారులు చెబుతారు. అంటే చెల్లెలు అక్కకు ఆస్తిగా సంక్రమించింది.

1796లో జెఫర్సన్ సుమారు 150 మందిని అప్పులవాళ్లకు తనఖా రాసిచ్చాడు. ఆ అప్పులవాళ్లలో ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకర్లూ ఉన్నారు. తనఖా పడినవాళ్లు ఎక్కడికీ వెళ్లరు. అదే పొలం, అదే కొలిమి, అదే గుడిసె. తమ పేరు పత్రానికి ఎక్కిన సంగతి వాళ్లకు చెప్పాల్సిన పని కూడా లేదు. నన్నడిగితే కొరడా కన్నా ఇదే ఎక్కువ భయపెడుతుంది. 1820లో అల్లుడికి రాసిన ఉత్తరంలో జెఫర్సన్ లెక్క సూటిగానే చెప్పాడు: పొలంలో అందరికన్నా బాగా పనిచేసే మగవాడి కంటే రెండేళ్లకో బిడ్డను కనే ఆడమనిషే ఎక్కువ గిట్టుబాటు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన చెయ్యి కూడా అదే.

ఆయన 1826 జులై 4న లక్ష డాలర్లకు పైగా అప్పు మిగిల్చి పోయాడు. వీలునామాలో ఐదుగురికి విముక్తి రాశాడు. వాళ్లలో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు, కానీ అతనికి స్వేచ్ఛ వచ్చేది ఏడాది తరువాత. ఈలోగా 1827 జనవరిలో జెఫర్సన్ ఎస్టేటు మాంటిసెల్లోలో వేలం పెట్టారు. అమ్మకానికి 130 మంది బానిసలున్నారని ప్రకటన. వాళ్లలో జోసెఫ్ భార్య ఎడిత్ ఉంది. అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చుకున్న మనిషి ఆమె. వాళ్ల కొడుకు పీటర్‌కు అప్పటికి 11 ఏళ్లు, అతన్నీ వేరే యజమానికి అమ్మేశారు. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఆయన ఊపిరి పోగానే పిల్లల తలరాత అప్పులవాళ్ల చేతికి వెళ్లిపోయింది.

తరువాత బ్యాంకులూ దిగాయి. లూయిజియానాలో రెండు బ్యాంకులు 1831 నుంచి 1865 వరకు సుమారు 13,000 మందిని తాకట్టుగా ఒప్పుకున్నాయి. వాటి వారసురాలైన జేపీ మోర్గాన్ చేజ్ 2005లో క్షమాపణ చెప్పింది.

ఇదే కథ మేరీల్యాండ్ రాష్ట్రంలో ఇంకో మలుపు తిరిగింది. అక్కడ ఒక ముసలి రైతు 18వ శతాబ్దం చివర్లో రిట్ అనే పిల్లను మనవరాలికి రాసిస్తూ, ఆమె గానీ ఆమె సంతానం గానీ 45 ఏళ్ల వరకే చాకిరీ చేయాలని షరతు పెట్టాడు. వారసులు ఆ షరతును మింగేశారు. చాలా ఏళ్లకు రిట్ కూతురు ఒక వకీలుకు ఐదు డాలర్లిచ్చి పాత వీలునామా వెతికించి, సంగతి తెలుసుకుంది. 1849 మార్చిలో ఆమె యజమాని ఎడ్వర్డ్ బ్రోడెస్ అప్పులతో చనిపోయాడు. భార్య ఎలైజా బతికున్నంత కాలం బానిసల మీద హక్కు ఆమెదేనని రాసిపోయాడు, కానీ అప్పు తీర్చడానికి వాళ్లను అమ్ముకునే అనుమతి కోసం ఆమె కోర్టుకెక్కింది. తాను అమ్ముడుపోయేదాకా ఆ కూతురు ఆగలేదు. సెప్టెంబరులో ఇద్దరు తమ్ముళ్లతో కలిసి మాయమైంది. తమ్ముళ్లు భయపడి వెనక్కి తిరిగితే ఆమె కూడా వచ్చి, మళ్లీ ఒంటరిగా బయల్దేరింది. ఎలైజా బ్రోడెస్ పత్రికలో వేయించిన ప్రకటన ఇప్పటికీ ఉంది: మింటీ, వయసు సుమారు 27, ఎత్తు సుమారు ఐదడుగులు, రాష్ట్రం బయట పట్టిస్తే 100 డాలర్లు. బానిసల విముక్తికి పోరాడిన ఆ మింటీని లోకం హ్యారియట్ టబ్‌మన్ అంటుంది.