నీతి పీరియడ్ వెనక నూట నలభై ఏళ్ల కథ

1882 మార్చి 28న ఫ్రాన్స్‌లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అప్పటిదాకా ఉన్న మతబోధను తీసేసి, నీతి, పౌర విద్యలను పెట్టారు. మతం ఆసరా లేకుండా మంచీచెడూ చెప్పడం ఎలాగన్నది టీచర్లకు పెద్ద చిక్కయింది. మరుసటి ఏడాది నవంబరులో విద్యామంత్రి జూల్ ఫెర్రీ వాళ్లకో లేఖ రాశాడు. నువ్వు చెప్పబోయే మాట వింటే ఏ ఒక్క తండ్రికైనా నిజాయితీగా అభ్యంతరం ఉంటుందా అని ముందు ఆలోచించుకో, ఉంటుందనిపిస్తే చెప్పకు అన్నది అందులోని సారం.

ఆ జాగ్రత్త న్యాయమైనదే. కానీ ఎవరికీ అభ్యంతరం లేని మాటలతో చిన్నపిల్లల తరగతి గడుస్తుందేమో గానీ, పద్నాలుగేళ్ల పిల్లల తరగతి గడవదు. స్నేహితుడి తప్పు బయటపెట్టాలా, అందరూ వెలివేసిన పిల్ల పక్కన కూర్చోవాలా అన్నవి వాళ్ల ప్రశ్నలు. వాటికి అందరూ ఒప్పుకునే జవాబు ఉండదు.

జపాన్ వేరే దారి పట్టింది. 1890లో చక్రవర్తి పేరిట వెలువడిన విద్యా శాసనమే అక్కడి నీతి పాఠం ‘షూషిన్’కు ఆధారమైంది. రాజభక్తి, తల్లిదండ్రుల పట్ల భక్తి అందులో ప్రధానం. ఆ పాఠం పిల్లల్ని యుద్ధానికి సిద్ధం చేసిందని భావించి, 1945 డిసెంబరు 31న, యుద్ధంలో ఓడిన జపాన్‌ను ఆక్రమించిన సైన్యాల అధికారులు దాన్ని నిలిపివేయించారు. నీతిబోధ అనగానే చాలామంది ఇప్పటికీ ఉలిక్కిపడటానికి ఇలాంటి చరిత్రే కారణం. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

అసలు చెబితే వింటారా అన్న ప్రశ్నను అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు 1920లలో పరీక్షకు పెట్టారు. కాపీ కొట్టే వీలు కల్పించి వేలమంది పిల్లల్ని గమనించారు. ఒకచోట మోసం చేసినవాడు ఇంకోచోట చేయకపోవచ్చని తేలింది. ఏది తప్పో తెలిసినంత మాత్రాన ప్రవర్తన మారుతుందన్న ఆధారం పెద్దగా దొరకలేదు. నా ఉద్దేశంలో ఈ చరిత్రలో అన్నిటికన్నా కలవరపెట్టే ఫలితం ఇదే. అయినా చాలా బడుల్లో పాఠం పాత పద్ధతిలోనే సాగింది.

1958లో షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 10, 13, 16 ఏళ్ల అబ్బాయిల ముందు ధర్మసంకటాలు పెట్టాడు. చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం మందు దొంగిలించవచ్చా అన్నది వాటిలో బాగా పేరుపడింది. పిల్లలు అవునన్నారా, కాదన్నారా అన్నది ఆయనకు ముఖ్యం కాదు. ఎందుకన్నారో వినేవాడు. కౌమారంలో ఆ ‘ఎందుకు’ మెట్టు మెట్టుగా మారుతూ వస్తుందని చూపించాడు. ఆడపిల్లల మాట వినకుండానే ఆ మెట్లు కట్టారని మరో మనస్తత్వవేత్త కరోల్ గిలిగన్ 1982లో తప్పుబట్టింది. అది సరైన విమర్శే.

కోల్‌బర్గ్ కూడా కాగితం మీది సంకటాల దగ్గర ఆగిపోలేదు. 1969లో ఇజ్రాయెల్‌లో అందరూ ఉమ్మడిగా బతికే ఊరైన కిబుట్జ్‌లో టీనేజీ పిల్లలు కలిసి బతికే తీరు చూసొచ్చాడు. 1974లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో క్లస్టర్ స్కూల్ మొదలైనప్పుడు దానికి తోడు నిలిచాడు. అక్కడ నియమాలు చేసే సభలో టీచరుకూ ఒక ఓటే, విద్యార్థికీ ఒక ఓటే. ఒకసారి ఒకమ్మాయి పర్సులోంచి తొమ్మిది డాలర్లు పోయాయి. దొంగ ఎవరో తేలలేదు. సభలో ఒక విద్యార్థిని లేచి, ఇది మనందరి తప్పు, తలా పదిహేను సెంట్లు వేసుకుని ఆ డబ్బు తిరిగిద్దాం అంది. చాలాసేపు వాదించుకున్నాక, డబ్బు తిరిగి రాకపోతే అలాగే చేయాలని తీర్మానించారు. దొంగతనం తప్పని వాళ్లందరికీ ముందే తెలుసు. ఆ రోజు తేల్చుకున్నది, పక్కవాళ్లకు జరిగిన నష్టం తమకు పట్టాలా వద్దా అన్నది. నీతి పీరియడ్‌లో ఇలాంటి ప్రశ్న వచ్చిందంటే ఆ గంట సార్థకమైనట్టే.

జపాన్‌లో 1958లోనే వారానికో నీతి గంట తిరిగొచ్చింది గానీ, దాన్ని పూర్తిస్థాయి సబ్జెక్టుగా లెక్కించలేదు. 2011లో ఓత్సు నగరంలో తోటివాళ్ల వేధింపులకు గురైన మిడిల్ స్కూల్ విద్యార్థి చనిపోవడంతో చర్చ మళ్లీ రాజుకుంది. 2018లో ప్రాథమిక, 2019లో మిడిల్ స్కూళ్లలో నీతి ‘ప్రత్యేక సబ్జెక్టు’ అయింది. ప్రభుత్వం ఆమోదించిన పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇది ఆలోచించి చర్చించే నీతి కావాలని విద్యాశాఖ చెప్పింది. మిడిల్ స్కూల్‌కు ఏడాదికి 35 పీరియడ్లు. మార్కులు లేవు, పక్కవాళ్లతో పోలిక లేదు. ఒక్కో పిల్లవాడిలో ఏం ఎదిగిందో టీచరు మాటల్లో రాయాలి. ఆ రాతను హైస్కూల్ ప్రవేశాలకు వాడకూడదు.