రోహిణిలో మొనగాడు, మృగశిరలో మోసగాడు

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. అదే కార్తెలో హైదరాబాద్ ఇళ్లలో కూలర్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రెండు వారాలు తిరిగి మృగశిర వస్తుంది, ఎండ ఏడెనిమిది డిగ్రీలు తగ్గుతుంది, అయినా అదే కూలర్ ముందు కూర్చుంటే ఒళ్లంతా జిగట. మెకానిక్ వచ్చి గడ్డి మారుస్తాడు, పంపు మారుస్తాడు. డబ్బులు పోతాయి, జిగట పోదు. ఆ కూలర్‌కు ఏ రోగమూ లేదు. దాని పేరే డెజర్ట్ కూలర్. హైదరాబాద్ ఎడారి కాదు గానీ ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో దక్కన్ పీఠభూమి మీద వీచేది దాదాపు ఎడారి గాలే. జూన్‌లో ఆ గాలి మారిపోతుంది.

సంగతంతా నీరు ఆవిరి కావడంలో ఉంది. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకు 540 కెలోరీలని బడిలో అందరం బట్టీ పట్టినవాళ్లమే. అది 100 డిగ్రీల దగ్గరి లెక్క అని చెప్పేవాళ్లు తక్కువ. అందుకే పదో తరగతి ఫస్టు మార్కుల పిల్లవాడు కూడా నీరు మరిగితేనే ఆవిరవుతుందనుకుంటాడు, పెరట్లో ఆరేసిన చొక్కా ఎలా ఆరిందని అడిగితే దిక్కులు చూస్తాడు. 30 డిగ్రీల దగ్గర ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ చుట్టుపక్కల నుంచి సుమారు 580 కెలోరీలు లాక్కుపోతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీయాల్సింది ఒక్క కెలోరీ. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే వేసవి సామాన్లన్నిటి గుట్టూ విప్పొచ్చు.

ముందు రంజన్, అంటే నీళ్ల మట్టికుండ సంగతి చూద్దాం. 10 లీటర్ల నీళ్లు 35 నుంచి 25 డిగ్రీలకు దిగాలంటే లక్ష కెలోరీలు పోవాలి. 580తో భాగిస్తే సుమారు 170 గ్రాములు. అంటే ఒక గ్లాసెడు నీళ్లు మట్టి రంధ్రాల గుండా చెమర్చి ఆవిరైతే మిగిలిన రంజనంతా చల్లబడుతుంది. బయటి నుంచి లోపలికి చేరే వేడి కూడా కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. కాబట్టి రంజన్‌ని నీడలో, గాలి ఆడేచోట, తడి ఇసుక మీద పెట్టాలి. వంటింటి మూల పెడితే చల్లబడదు. రంగులేసిన కుండలు చూడ్డానికి బాగుంటాయి, కానీ రంగు రంధ్రాలను మూసేస్తుంది. బోరు నీళ్లు పోస్తే ఒకటి రెండు వేసవుల్లో ఉప్పు అదే పని చేస్తుంది. కుండ పైన తెల్లటి పొర కనబడితే సబ్బు జోలికి పోకుండా కొబ్బరిపీచుతో రుద్ది, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి. అప్పటికీ చెమర్చకపోతే దాన్ని మొక్కకు వదిలేయడమే.

ఇక కూలర్. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే పాదరసం దిగుతుంది, ఒక చోట ఆగుతుంది. ఆవిరి తీసుకుపోయే వేడి, గాలి నుంచి వచ్చి చేరే వేడి సమానమైన చోటు అది. దాని పేరు తడి బల్బు ఉష్ణోగ్రత. ఎంత ఖరీదైన డెజర్ట్ కూలరైనా అంతకన్నా కిందికి గాలిని దించలేదు. గుడ్డ చుట్టని మామూలు థర్మామీటర్ చూపేది పొడి బల్బు ఉష్ణోగ్రత. మామూలు ఇంటి కూలర్, ప్యాడ్ (నీళ్లు కారే గడ్డి పలక) బాగుంటే, పొడి తడి బల్బుల మధ్య తేడాలో 80 శాతం దాకా దించుతుంది.

మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. తడి బల్బు 24. తేడా 18, అందులో 80 శాతం 14.4. కూలర్ నుంచి వచ్చే గాలి 27.6 డిగ్రీలు. ఇప్పుడు జూన్: 34 డిగ్రీలు, తేమ 60 శాతం. తడి బల్బు 27.6, తేడా 6.4 మాత్రమే. కూలర్ గాలి 29 దగ్గర వస్తుంది, పైగా తేమ 90 శాతం. బయట ఎండ తగ్గింది, కూలర్ గాలి మాత్రం మే కన్నా వేడెక్కింది. మెకానిక్ మార్చలేనిది ఈ తేడానే.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. ఒకే రకం గాజు థర్మామీటర్లు రెండు కావాలి, 50 డిగ్రీల దాకా గీతలున్నవి. జ్వరం చూసేవి పనికిరావు. ఒకదాని బల్బుకు పల్చటి నూలుగుడ్డ ఒక్క చుట్టు చుట్టి, ఫిల్టర్ నీళ్లతో తడిపి, రెండింటినీ నీడలో టేబుల్ ఫ్యాన్ ముందు ఐదు నిమిషాలు ఉంచి చదవండి. గుడ్డ ఆరిపోతే అంకె తప్పుతుంది. గుడ్డ మందమైనా, ఉప్పునీళ్లు వాడినా అంతే.

కూలర్‌లో ఐసు వేసే అలవాటు మీద ఒక మాట. ఐసు కోసం ప్రత్యేకంగా అర పెట్టి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు కూడా. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గది తీసుకోండి, 1200 ఘనపుటడుగులు. గదిలో గాలి రెండు నిమిషాలకోసారి పూర్తిగా మారాలన్నది కూలర్ల సైజుకు వాడుకలో ఉన్న లెక్క. అంటే నిమిషానికి 600 ఘనపుటడుగులు, గంటకు సుమారు 1000 ఘన మీటర్లు. అంత గాలిని 14.4 డిగ్రీలు దించడానికి గంటకు 36 లక్షల కెలోరీలు తీయాలి, ఆరు లీటర్లకు పైగా నీరు ఆవిరి కావాలి. ఐసు కరగడానికి గ్రాముకు 80 కెలోరీలు, కరిగిన నీరు 24 డిగ్రీలకు చేరడానికి ఇంకో 24. ఐదు కిలోల ఐసు మొత్తం ఇచ్చేది 5 లక్షల 20 వేలు. అంటే కూలర్ తనంతట తాను తొమ్మిది నిమిషాల్లో చేసే పని! లీటరు నీరు ఆవిరైనంత కూడా కాదు.

అదే గంటకు ఆరు లీటర్లంటే 1.2 టన్నుల ఏసీ తీసే వేడి. కూలర్ వాడేది 150, 200 వాట్లు. అయితే ఆ చల్లదనంలో ఎక్కువ భాగం కిటికీలోంచి బయటికి పోతుంది, పోవాలి కూడా. ఏసీకి గది మూసినట్టు కూలర్‌కు మూస్తే గంట తిరక్కుండా తేమ నిండుతుంది, తేడా సున్నాకు చేరుతుంది, మే నెల్లో మీరే గదిలో జూన్‌ని తయారుచేసుకున్నట్టు. కూలర్ వీపు కిటికీ బయట ఉండాలి, ఎదురు గోడకున్న కిటికీ జానెడైనా తెరవాలి. పూర్వం కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లింది ఇందుకే: బయటి వేడిగాలి వేళ్ల మధ్య నుంచి దూరి రావాలి. వాసన చల్లదనం ఇవ్వదు గానీ బాగుంటుంది.

చల్లగా రావడం లేదంటే ముందు ప్యాడ్ మీద చెయ్యి వేసి చూడండి. పైన నీరు పంచే గొట్టం రంధ్రాలు ఉప్పుతో పూడిపోతే ప్యాడ్ మీద పొడి చారలు పడతాయి. గాలి దారి సులువుగా ఉన్నచోటి నుంచే దూరుతుంది, పొడిచోటే సులువు. పావువంతు గాలి అలా వచ్చినా 27.6 కాస్తా 31 అవుతుంది. గుండుసూదితో రంధ్రాలు పొడిచి, గొట్టాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే వదులుతుంది. పంపును మాత్రం ట్యాంకు అడుగున బురదలో కాకుండా చిన్న పలక మీద నిలబెట్టండి.

ఉప్పు ఎంతనుకుంటున్నారు? మీ బోరు నీళ్లలో లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. గంటకు ఆరు లీటర్లు, రోజుకు 8 గంటలు, 60 రోజులు: 2880 లీటర్లు. ఆవిరి నీళ్లనే తీసుకుపోతుంది, ఉప్పును వదిలేస్తుంది. సీజన్ చివరికి రెండు కిలోల 300 గ్రాములు! దాన్ని ప్యాడ్‌లో పెంచడం ఎందుకు, రోజూ రాత్రి ట్యాంకులో మిగిలిన చిక్కటి నీళ్లు పారబోయండి. వారానికోసారి ట్యాంకు తోమి పూర్తిగా ఆరబెట్టండి, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు. నీచు వాసన రాకుండా, ఆపే ముందు పంపు కట్టేసి పావుగంట ఫ్యాన్ ఒక్కటే తిప్పాలి. ఇనుప బాడీ కూలర్‌కు ఎర్తు ఉన్న త్రీపిన్ ప్లగ్గే పెట్టాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. తడి చెయ్యి, ఇనుప తొట్టి, తెగిన వైరు కలిస్తే ప్రాణం పోతుంది.

మన ఒళ్లూ కూలరే. ఊరికే కూర్చున్న మనిషి 100 వాట్ల వేడి పుట్టిస్తాడు, దాన్ని వదిలించడానికి గంటకు 150 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. కారిపోయిన చెమట లెక్కలోకి రాదు. గాలి 40 దాటాక పొడి ఒంటి మీద ఫ్యాన్ వేడిగాలినే కొడుతుంది, అప్పుడు తడి తువ్వాలు కప్పుకొని ఫ్యాన్ వేసుకోవాలి. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదంటారు. ఉల్లిపాయ జేబులో ఉన్నా పులుసులో ఉన్నా చెమట ఆవిరయ్యే వేగం మారదు. అదే జేబులోని రుమాలు తడిపి మెడకు చుట్టుకుంటే మారుతుంది. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా బట్టలు వదులు చేసి ఒళ్లంతా తడుపుతూ విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

తడి బల్బు 35 చేరితే చెమట ఒంటిని చల్లబరచలేదని 2010లో లెక్కగట్టారు, చర్మం కూడా అంతే ఉంటుంది గనక. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకులకే తేమవేడిలో ఒంటి వేడి అదుపు తప్పే హద్దు 31 దగ్గర వచ్చింది. పొడివేడిలో ఇంకా కిందే, 25 నుంచి 28, చెమట పుట్టే వేగానికీ ఒక పరిమితి ఉంది మరి. అందుకే తడి బల్బు 24 ఉన్న మే మధ్యాహ్నం కూడా నిర్భయంగా తిరగాల్సింది కాదు.

ఈ మృగశిర బెడద అసలైన ఎడారి ఊళ్లకూ ఉంది. అమెరికాలో అరిజోనా ఎడారిలోని ఫీనిక్స్‌లో 1930ల నుంచే ఇలాంటి కూలర్లున్నాయి. అక్కడా వేసవి నడుమ తేమగాలులొస్తాయి, వచ్చినప్పుడు కూలర్లు చేతులెత్తేస్తాయి. 2023లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు 43.3 డిగ్రీలు, ఆపైన నమోదైన ఊరది. ఏసీ ఎందుకు తప్పనిసరైందో వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో జూన్ మొదలయ్యాక రోజూ రెండు థర్మామీటర్లూ చూడండి. తేడా ఏడు డిగ్రీల కన్నా తగ్గిన రోజు పంపు కట్టేసి, కూలర్‌ని వట్టి ఫ్యాన్‌గా వాడండి. వానలు ముఖం చాటేసి తేడా మళ్లీ పదికి చేరితే పంపు వేయండి. రెండు వారాలు వరసగా తగ్గే ఉంటే, ప్యాడ్లు విప్పి ఎండలో ఆరబెట్టి, ట్యాంకు తుడిచి అటక ఎక్కించొచ్చు.