ముప్పై శాతం అంటే పద్దెనిమిది

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. "ఫైర్ ఎంబ్లమ్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. లాయిడ్ అనే బాస్ (శత్రువుల నాయకుడు) దగ్గర ఆగిపోయాను. గొడ్డలి వీరులతో కొట్టిస్తుంటే, దెబ్బ తగిలే అవకాశం 30 శాతం అని తెర మీద కనిపిస్తోంది. ముగ్గురిని వరసగా పంపితే ఒక్క దెబ్బయినా తగలడానికి దాదాపు మూడింట రెండు వంతుల అవకాశం ఉండాలి కదండీ. కానీ తగిలిన సందర్భాల కంటే తగలనివే ఎక్కువ. ఈ ఆట మోసం చేస్తోందా?"

చేస్తోంది. అతని లెక్కలో దోషం లేదు. ఒక దెబ్బ తప్పే అవకాశం 0.7. మూడూ తప్పే అవకాశం 0.343. ఒక్కటైనా తగిలే అవకాశం 65.7 శాతం. తేడా అంతా తెర మీది అంకెలోనే ఉంది. అక్కడ 30 అని రాసి ఉన్నా లోపల జరిగేది 18.3. దాంతో లెక్క వేస్తే ముగ్గురిలో ఒక్కరి దెబ్బయినా తగిలే అవకాశం 45 శాతం దాటి కొద్దిగా మాత్రమే ఉంటుంది.

కథ జోలికి పోను. ఇది 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన ఆట, జపాన్ బయట అమ్మిన మొదటి ఫైర్ ఎంబ్లమ్. గళ్ల మీద సైనికులను నడిపి, వంతులవారీగా కొట్టుకోవాలి. లాయిడ్ కత్తి వీరుడు. అతని బలం కవచంలో కాదు, కాళ్లలో ఉంది. కొట్టేవాడి గురి అంటే ఆయుధానికి ఉన్న గురి, దానికి నైపుణ్యం రెట్టింపు, అదృష్టంలో సగం కలిపిన మొత్తం. తప్పించుకునేవాడి విలువ అంటే వేగం రెట్టింపు, దానికి అదృష్టం, నిలబడిన నేల ఇచ్చే లాభం కలిపిన మొత్తం. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే తెర మీది శాతం. బాసుకు ఒక్క పాయింటు వేగం పెరిగితే మనకు రెండు శాతం పోతుందన్నమాట. ఇంతవరకూ అంతా నిజాయితీగానే ఉంది.

ఆ తర్వాతే అసలు తమాషా. శాతం 30 అయితే, 0 నుంచి 99 లోపు ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, అది 30 కంటే తక్కువైతే తగిలినట్టు అని ఎవరైనా అనుకుంటారు. ఈ వరసలో తొలినాటి ఆటలు అలాగే చేసేవి. 2002లో జపానులో వచ్చిన ఆట నుంచి పద్ధతి మారింది. సంఖ్య ఒకటి కాదు, రెండు తీస్తారు. వాటి సగటు 30 కంటే తక్కువ ఉంటేనే దెబ్బ తగులుతుంది. ఈ సంగతి ఆటలో ఎక్కడా చెప్పరు.

సగటు తీస్తే ఏమవుతుందో అష్టాచెమ్మ ఆడినవారికి చేతులకే తెలుసు. నాలుగు గవ్వలు వేస్తాం. ప్రతి గవ్వా రెండు వైపులా సమానంగా పడుతుందనుకుందాం. మొత్తం 16 రకాలుగా పడవచ్చు. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడటానికి 6 దారులున్నాయి. మూడు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు పడటానికి ఎనిమిది. నాలుగూ వెల్లకిలా పడటానికి ఒక్కటే దారి, నాలుగూ బోర్లా పడటానికీ ఒక్కటే. అందుకే పందెమంతా మధ్యలో ముద్ద కడుతుంది, చివరలు అరుదవుతాయి. మన పెద్దలు ఆ రెండు చివరలకే చెమ్మ, అష్ట అని పేర్లు పెట్టి, వాటికే ఎక్కువ గళ్లు ఇచ్చారు. సంభావ్యత పాఠం చదవకపోయినా బహుమతి ఎక్కడ పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. ఇంటర్మీడియట్‌లో మనం రెండు పాచికలు వేసి మొత్తం 7 వచ్చే సంభావ్యత కనుక్కోమంటాం, పిల్లలు ఒక్క వరసలో తేల్చేస్తారు. అసలు రెండింటినీ ఎందుకు కలపాలి, కలిపితే ఎవరికి లాభం అని మాత్రం ఎవరూ అడగరు.

లాయిడ్ దగ్గర ఎవరికి లాభమో లెక్కపెట్టి చూద్దాం. రెండు సంఖ్యల సగటు 30 కంటే తక్కువ అంటే మొత్తం 60 కంటే తక్కువ. మొత్తం 0 రావడానికి ఒక్కటే దారి. 1 రావడానికి రెండు (0, 1 లేదా 1, 0). 2 రావడానికి మూడు. అలా పెరుగుతూ పోయి 59 రావడానికి అరవై దారులు. ఒకటి నుంచి అరవై దాకా కూడితే 1830. అన్ని జతలూ కలిపి 10,000. కాబట్టి 18.3 శాతం. ఇప్పుడు 90 శాతం సంగతి. దెబ్బ తప్పాలంటే మొత్తం 180 లేదా అంతకంటే ఎక్కువ రావాలి. 198 రావడానికి ఒక దారి, 197కు రెండు, 180కి పందొమ్మిది. మొత్తం 190 దారులు. అంటే 90 అని చూపించే దెబ్బ నిజానికి 98.1 శాతం తగులుతుంది. 10 అని చూపించేది 2.1. సరిగ్గా మధ్యలో, 50 దగ్గర మాత్రం అంకె దాదాపు నిజమే చెబుతుంది, 50.5.

కలన గణితం వచ్చినవారికి ఒక మాట. తెర మీది శాతాన్ని భిన్నంగా రాసి p అందాం (30 శాతమైతే 0.3). సగం కంటే తక్కువలో నిజమైన అవకాశం సుమారుగా 2p², దాని వాలు 4p. సగం దాటాక వాలు 4(1−p). వాలు ఒకటిని మించేది 25 నుంచి 75 మధ్యలో మాత్రమే, 50 దగ్గర అది రెండు. అంటే తెర మీద 50 పరిసరాల్లో ఒక శాతం పెంచుకుంటే లోపల రెండు శాతం పెరుగుతుంది. 90 దగ్గర అదే ఒక శాతం పెంచుకోవడానికి పడే శ్రమ దండగ.

లాయిడ్‌ను పడగొట్టే ఉపాయం ఈ వాలులోనే ఉంది. ఈ ఆటలో కత్తి గొడ్డలిని, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని గెలుస్తాయి. నెగ్గే ఆయుధానికి గురి 15 పెరుగుతుంది, ఓడే ఆయుధానికి 15 తరుగుతుంది. మన పాఠకుడు కత్తి వీరుడి మీదికి గొడ్డలి వీరులను పంపి 30 దగ్గర నిలబడ్డాడు. అంతే గురి ఉన్న విలుకాడైతే 45 కనిపించేది, ఈటె వీరుడైతే 60. చూడటానికి పదిహేనేసి మెట్లు, అంతే. లోపల మాత్రం 18.3 నుంచి 40.95కి, అక్కడి నుంచి 68.4కి. ముగ్గురు ఈటె వీరులను పంపితే ఒక్క దెబ్బయినా తగిలే అవకాశం 96.8 శాతం. ఇదే వంకర లాయిడ్ కత్తికీ వర్తిస్తుంది. ఈటె ముందు అతని గురి 15 తగ్గుతుంది కనుక, 55 చూపించాల్సింది 40 చూపించి, లోపల 32.4 అవుతుంది. స్నేహబంధం ఉన్న సైనికులను మూడు గళ్ల లోపు నిలబెడితే వచ్చే చిన్నచిన్న లాభాలు కూడా ఈ మధ్య భాగంలోనే బాగా పండుతాయి. కొందరు బాసులు సింహాసనం మీద కూర్చుంటారు. దాని వల్ల తప్పించుకునే శక్తి పెరగడమే కాదు, ప్రతి వంతుకూ కొంత ప్రాణం తిరిగి వస్తుంది. అక్కడ 30 శాతాన్ని నమ్ముకుని కూర్చుంటే గాయాలు మానుతూనే ఉంటాయి.

ఇంత వంకర పెట్టినా ఆటగాళ్లు ఎందుకు గోల చేయలేదు? మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లో చెప్పిన దాని ప్రకారం, కాగితం మీద శాతాలు చూసినప్పుడు మనిషి చిన్న అవకాశాన్ని ఉన్నదాని కంటే పెద్దగా లెక్కిస్తాడు. హెర్ట్‌విగ్ బృందం 2004లో దీనికి తిరకాసు చూపించింది: అంకె చెప్పకుండా అనుభవంతోనే నేర్చుకోనిస్తే, అరుదైన దాన్ని అసలుకంటే చిన్నగా చూస్తాడు. ఆటలో రెండూ ఒకేసారి జరుగుతాయి. అంకె కనిపిస్తుంది, అనుభవమూ పోగవుతుంది. 90 అంటే తగిలి తీరుతుందన్న మన మొండి నమ్మకానికి ఈ ఆట నిశ్శబ్దంగా వంత పాడుతుంది. నా ఉద్దేశంలో గోల లేకపోవడానికి కారణం అదే.

ఇక మూఢనమ్మకాల సంగతి. మనస్తత్వవేత్త స్కిన్నర్ 1948లో ఆకలితో ఉన్న పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, నియమిత వ్యవధిలో గింజలు పెట్టాడు. ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకొకటి బోను మూలకు తల పొడిచింది. గింజలు తమ చేష్టల వల్లే వస్తున్నాయని అవి తీర్మానించుకున్నట్టు కనిపించింది. ఈ ఆట ఆడేవారిలోనూ దెబ్బకు ముందు కర్సర్‌ను అటూ ఇటూ ఆడించేవారున్నారు. చూస్తే పావురమే గుర్తుకొస్తుంది.

కానీ ఇక్కడ ఆ చేష్ట నిజంగా పనిచేస్తుంది! ఆటలోని యాదృచ్ఛిక సంఖ్యలు ఆకాశం నుంచి ఊడిపడవు. యంత్రం 16 బిట్ల విలువలు మూడింటిని దాచుకుని, వాటి బిట్లను పక్కకు జరిపి, ఒకదానితో ఒకటి మేళవించి తర్వాతి సంఖ్యను పుట్టిస్తుంది. ఆట మధ్యలో ఆపి దాచినప్పుడు ఆ విలువలూ దాగుతాయి. తిరిగి తెరిచి అదే దెబ్బ కొడితే అదే ఫలితం, ఎన్నిసార్లయినా. వరస ముందే రాసి ఉన్న తాడులాంటిది: గురికి రెండు సంఖ్యలు, తగిలితే మూడింతల దెబ్బ పడాలో లేదో తేల్చడానికి ఇంకొకటి ఖర్చవుతాయి. ఇప్పుడు సైనికుణ్ణి ఎంచుకుని, అతని దారిని చూపే బాణం గీతను అతను నడవగలిగినంత దూరం కంటే పొడవుగా గీయించండి. ఆట ఆ గీతను చెరిపి దగ్గరి దారి తానే వెతుకుతుంది. రెండు దారులు సమానంగా ఉన్నచోట ఏది ఎంచుకోవాలో తేల్చడానికి అదే వరసలోంచి సంఖ్య వాడేస్తుంది. కర్సర్ ఆడించినందుకు సంఖ్యలు ఖర్చయిపోతాయి, లాయిడ్‌కు రావలసిన మంచి జత ఎవరికీ తగలకుండా పోతుంది, మనకు రావలసిన జత ముందుకు జరుగుతుంది. కర్సర్‌ను నేల మీద ఉత్తినే తిప్పితే ఏమీ కాదు. గీత తెగి మళ్లీ లెక్క పడాలి. ఏ తిప్పుడు పనిచేస్తుందో, ఏది పావురం పనో తేల్చడానికి దాచిన ఆటను మళ్లీ తెరిచి పోల్చి చూస్తే సరిపోతుంది. ప్రయోగశాల అక్కర్లేదు.

ఇదే వరసలో 2015లో వచ్చిన ఫేట్స్ అనే ఆటలో ఈ పద్ధతిని మళ్లీ మార్చారు. 50 లోపు శాతాలు ఉన్నవి ఉన్నట్టే నిజం, పైన మాత్రం కొట్టేవాడి వైపు మొగ్గు. దానితో లాయిడ్ లాంటి వాళ్ల మీద 30 శాతం దెబ్బలకు మళ్లీ విలువ వచ్చింది, అయితే మన వేగవంతులు శత్రువుల చిల్లర దెబ్బలను దులిపేసుకునే భరోసా తగ్గింది. నాకు పాతదే ఇష్టం. పై సగంలో పెట్టిన వంకరనే కింది సగంలోనూ పెట్టింది.