కోడిలో క్యాన్సర్ ఎంజైమ్ ఉందట! (అపోహలు - వాస్తవాలు)

"ఏటి బాబూ, కోడిలో క్యాన్సర్ వైరస్ ఉందట కదా?" బరంపురంలో మా ల్యాబ్‌కి కీమోకి ముందు రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అడగని వారం లేదు. పర్లాకిమిడి నుంచి వచ్చే ఒక పిన్నిగారైతే ఫోన్లో ఫార్వర్డ్ చూసి గుడ్డూ చికెనూ రెండూ మానేశారు, డాక్టర్ తినమన్నవే అవి. ఆరు కిలోలు తగ్గిపోయారు. తిట్టబోయి ఆగాను, పాపం, భయం.

ఆ ఫార్వర్డ్‌లో నిజం ఒక్క ముక్కే. కోళ్లకు కణితి తెచ్చే వైరస్ గురించి పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త 1911లోనే రాశాడు. ఆ పని చేసే ఎంజైమ్ పేరు సార్క్ (దేశాల కూటమి కాదు లెండి). అసలు ఆ జీన్ వైరస్‌ది కాదు, కోడి దగ్గర కొట్టేసింది! బిషప్, వర్మస్ అనే శాస్త్రవేత్తల బృందం 1976లో తేల్చిన సంగతి ఇది. ఆ జీన్ మనలోనూ ఉంది. మరి మనకేం కాదేం? కిటుకంతా డొమైన్లలో, అంటే ఆ ఎంజైమ్‌లోని వేర్వేరు భాగాల్లో ఉంది. పని చేసేది కైనేజ్ డొమైన్, వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం దాని పని. ఎంజైమ్ తోక దగ్గరి 527వ అమైనో ఆమ్లం (టైరోసిన్) మీద ఫాస్ఫేట్ ఎక్కితే ఎస్‌హెచ్2 డొమైన్ ఆ తోకను పట్టేసుకుంటుంది, ఎస్‌హెచ్3 ఇంకోవైపు బిగిస్తుంది, కైనేజ్ నోరు మూసుకుంటుంది. వైరస్ కాపీలో ఆ తోకే తెగిపోయింది, ఇక గడియ పడదు. ఇంకో తమాషా, ఎంజైమ్ ముందు కొసన అంటుకునే మిరిస్టిక్ ఆమ్లం (ఒక కొవ్వు ఆమ్లం) లేకుండా చేస్తే కైనేజ్ పనిచేస్తూనే ఉంటుంది గానీ కణ పొరకు అతుక్కోలేదు, కణం క్యాన్సర్ కణంగా మారదు. అంటే ఎంజైమ్ ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, గడియ ఊడాలి, చేరాల్సిన చోటికి చేరాలి.

ఇక కూర సంగతి. ఎంజైమ్ కూడా ప్రొటీనే, పొయ్యి మీద దాని రూపమే చెడిపోతుంది, మిగిలింది కడుపులో ముక్కలైపోతుంది. రౌస్ వైరస్ వల్ల మనిషికి క్యాన్సర్ వచ్చిన దాఖలాయే లేదు.

క్యాన్సర్‌తో ముడిపడిన ఇంకో రెండు వైరస్‌ల గురించీ అడుగుతుంటారు. హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్) పాజిటివ్ అంటే క్యాన్సరేనా? కాదు, చాలామందికి ఒకటి రెండేళ్లలో అదే పోతుంది, కానీ మళ్లీ రమ్మన్న తేదీ మానకండి. ఆ వైరస్‌లోని ఈ6 అనే ప్రొటీన్ అసలు ఎంజైమ్ కాదు, మన ఎంజైమ్‌నే వాడుకుని పీ53ని (కణితులను అడ్డుకునే మన ప్రొటీన్‌ని) చంపిస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల కంచం వేరు పెట్టక్కర్లేదు, ఇంట్లోవాళ్లు టీకా వేయించుకోండి.

పిన్నిగారు పోయిన నెల మళ్లీ వచ్చారు. "గుడ్డు తింటున్నాను బాబూ, మరి నాటుకోడా, బ్రాయిలరా?" ఏదైనా సరే, హాఫ్ బాయిల్ మాత్రం వద్దు, బాగా ఉడికించండి అన్నాను.