సిల్వరు గిన్నెకు తుప్పెందుకు పట్టదు? లోహాల గురించి అపోహలు - వాస్తవాలు

పదో తరగతికి లోహాల పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, చర్యాశీలత శ్రేణిలో అల్యూమినియం ఇనుము కంటే పైనుంది కదా. మరి మా సిల్వరు (అల్యూమినియం) గిన్నె బాగానే ఉంది, గేటుకేమో తుప్పు పడుతోంది, ఎందుకు?" చాలా మంచి ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పకుండా ఆ శ్రేణిని, అంటే లోహాలను చురుకుదనాన్ని బట్టి పేర్చిన వరుసను, బట్టీ పట్టిస్తే పిల్లలకు మిగిలేది పేర్ల వరుసే.

అపోహ: శ్రేణిలో పైనున్న లోహమే ముందు పాడవుతుంది.

శ్రేణి చెప్పేది ఆ లోహం ఎలక్ట్రాన్లను ఎంత తేలిగ్గా వదులుకుంటుందన్నది. చర్య జరిగాక పైన ఏర్పడే పొర ఎలాంటిదో అది చెప్పదు. అల్యూమినియానికి గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. అయినా లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు. ఇనుము తుప్పు అలా కాదు. గుల్లగా ఉండి పెచ్చులూడుతుంది, కింద మళ్లీ కొత్త ఇనుము గాలికి దొరుకుతుంది.

నమ్మకం కుదరకపోతే ల్యాబులో చేసి చూపించండి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్క వేయండి. చాలాసేపు ఏమీ జరగదు. పిల్లలు విసుక్కుంటారు. అప్పుడు ఒక చెంచా ఉప్పు కలపండి. కాసేపట్లో ఫాయిల్ మీద ఎర్రగా రాగి పేరుకుంటుంది, బుడగలు వస్తాయి, బీకరు వెచ్చబడుతుంది, నీలం రంగు పలచబడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరను ఛేదించాయి, అసలు అల్యూమినియం బయటపడి, ద్రావణంలోని రాగిని బయటికి నెట్టింది. ఊరగాయ సిల్వరు గిన్నెలో పెట్టొద్దు, జాడీలోనే పెట్టమని అమ్మమ్మలు చెప్పింది ఇందుకే. అందులో ఉప్పూ ఉంది, పులుపూ ఉంది.

అపోహ: ఇనుముకు వేసే జింకు పూత కూడా పెయింట్ లాంటిదే, గీత పడితే ఇక పని చేయదు.

జింకు ఇనుము కంటే చురుకైనది. గీత పడినా, దగ్గర్లో జింకు ఉన్నంతకాలం ముందు తానే కరిగి ఇనుమును కాపాడుతుంది. తగరం పూసిన ఇనుప డబ్బాకు గీత పడితే కథ తిరగబడుతుంది. తగరం కంటే ఇనుమే చురుకు కాబట్టి ఆ గీత దగ్గర తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

అపోహ: లోహమంటే గట్టిగా, బరువుగా ఉండాలి.

సోడియాన్ని చాకుతో కోయొచ్చు, నీటి కంటే తేలిక, 98 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది.

అపోహ: లోహ బంధం కూడా అయానిక బంధం (ఉప్పులో ధన, రుణ అయాన్లను పట్టి ఉంచేది) లాంటిదే.

ఉప్పు కల్లును సుత్తితో కొడితే పొడిపొడి అవుతుంది. పొర జరగగానే ధన అయాను ఎదుటికి ధన అయానే వచ్చి రెండూ వికర్షించుకుంటాయి. లోహంలో ధన అయాన్ల చుట్టూ ఎలక్ట్రాన్లు ఉమ్మడిగా తిరుగుతుంటాయి. పొర జరిగినా వాటి పట్టు పోదు. పెంబర్తి కళాకారుల చేతిలో ఇత్తడి రేకు చిట్లకుండా పువ్వులా, లతలా ఉబ్బడం వెనక ఉన్నది ఈ పట్టే. అయితే దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి బిగుసుకుంటుంది. అందుకే రేకుల పని చేసేవాళ్లు మధ్యమధ్యలో దాన్ని కాల్చి, మెత్తబరిచి, మళ్లీ సుత్తి అందుకుంటారు.