వృద్ధాశ్రమంలో తిండి సంగతులు ఎవర్ని అడుగుతారు? అపోహలు - వాస్తవాలు

డైటీషియన్‌గా హైదరాబాద్ శివారులోని రెండు వృద్ధాశ్రమాలకు వారం వారం వెళ్తుంటాను. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: ఆ వయసులో తిండి గురించి ఏం తెలుసుకుంటారు, పెట్టింది తింటారు.

వాస్తవం: బాగా అడుగుతారు. కాకపోతే నన్ను కాదు, వడ్డించే ఆవిడని. గరిటె చారుగిన్నెలో ఉండగానే "ఉప్పు ఎంత వేశావమ్మా, నాకు బీపీ" అంటారు ఒకాయన. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటే మాత్రం "అంతా బాగానే ఉందమ్మా" అని లేచిపోతారు. డాక్టరుగారి దగ్గర దొరికే కాసేపు మోకాళ్ల నొప్పులకే చాలదు. అక్కడ గోరుచిక్కుడు తినొచ్చా అని అడగడానికి మొహమాటం. అందుకే ఇప్పుడు భోజనాల వేళకే వెళ్లి, ఆవిడ పక్కన నిలబడి మజ్జిగ పోస్తున్నాను. ప్రశ్నలు వాటంతటవే వస్తున్నాయి.

అపోహ: గోడకి చార్టు అంటిస్తే చాలు.

వాస్తవం: నేనూ అంటించాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వృద్ధుల భాగం, చక్కగా రంగుల్లో. హాల్లో సగం మందికి శుక్లాలు. ఇప్పుడు దాని మేకుకి ఎవరిదో తువ్వాలు వేలాడుతోంది.

అపోహ: షుగరున్నా రాగిజావ ఎంతైనా తాగొచ్చు.

వాస్తవం: ఒకావిడకి కొడుకు వాట్సాప్‌లో పంపిన వీడియో ఇది. గదిలో అందరికీ వినిపించారు. రాగుల్లో కాల్షియం మాట నిజమే, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే. అయితే మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగర్ని లేపుతుంది. బెల్లం కూడా పడితే ఇక చెప్పక్కర్లేదు. నా మాట నమ్మలేదు. తాగిన రెండు గంటలకి నర్సు వేలు గుచ్చి అంకె చూపించాక, గ్లాసు సగానికి దిగింది.

అపోహ: పప్పు, గుడ్డు ముసలివాళ్లకి అరగవు.

వాస్తవం: చాలామందికి ఇబ్బంది అరుగుదలతో కాదు, పళ్లతో. రోజూ చారన్నంతో సరిపెడితే కండ కరిగిపోతుంది. పెసరపప్పు మెత్తగా ఉడికిస్తే చాలు. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

అపోహ: సోడియం తక్కువని రాసిన ఉప్పు అందరికీ మంచిదే.

వాస్తవం: అలాంటి చాలా ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి అది ప్రమాదం. ఈ మాట వంటావిడకి చెప్పి వచ్చాను. మరుసటి వారం, చారులో ఉప్పు అడిగే ఆయనే "ఆ ఉప్పా, ఈ ఉప్పా?" అని తేల్చుకున్నాక గానీ మజ్జిగ గ్లాసు అందుకోలేదు.