మల్టీక్లాసింగ్ తగవు: 2000లో తెగిన కట్ట

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ, పాచికలు వేసి ఆడే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఆ ఆట ఆడే బల్లల దగ్గర పాత తగవు ఒకటి మళ్ళీ రాజుకుంది. ఒకే పాత్ర ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మంత్రగాడు) వంటి క్లాసులలో రెండు మూడింటిలో లెవెళ్ళు (ఎదుగుదల మెట్లు) తీసుకోవడాన్ని, అంటే మల్టీక్లాసింగ్‌ను, ఆట నడిపే డంజియన్ మాస్టర్ కాదనవచ్చునా, లేక అది ఆటగాడి హక్కా అన్నదే ఆ తగవు. 2014 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దీనికి సూటి సమాధానం ఉండేది. మల్టీక్లాసింగ్‌ను ఐచ్ఛిక నియమాల అధ్యాయంలో పెట్టి, అది ఉండాలో వద్దో డంజియన్ మాస్టర్ నిర్ణయిస్తారని చెప్పారు. 2024 పుస్తకంలో అదే నియమం పాత్రను తయారు చేసుకునే అధ్యాయంలోకి చేరింది, ‘ఐచ్ఛికం’ అన్న ముద్ర పోయింది. దానితో, నిన్నటి దాకా అనుమతి ఇవ్వనివారుగా ఉన్న డంజియన్ మాస్టర్లు ఈనాడు ఉన్న హక్కును లాక్కునేవారుగా కనబడుతున్నారు.

1974లో ఈ ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్‌లతో మొదలయ్యే కథ ఈ ఆట తెలిసిన వారందరూ విన్నదే కనుక దాన్ని వదిలేద్దాం. ఈ తగవుకు అవసరమైన మేరకు 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను చూస్తే చాలు. అక్కడ మనుషులకు ఒక దారి, ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి ఇతర జాతులకు మరొక దారి ఉండేవి. మనిషి పాత్ర క్లాసు మారాలంటే పాత క్లాసుకు ముఖ్యమైన సామర్థ్యంలో (బలం, తెలివి వంటి వాటిని కొలిచే అంకెలో) 15, కొత్త క్లాసుకు ముఖ్యమైన దానిలో 17 ఉండాలి. మూడు పాచికలు వేస్తే 17 గాని 18 గాని పడే అవకాశం 216లో 4 మాత్రమే. అంత అదృష్టం ఉన్నా, కొత్త క్లాసును మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాలి, పాత క్లాసుకు తిరిగి వెళ్ళి ఎదగడానికి వీలు లేదు.

ఎల్ఫ్ వంటి జాతుల పాత్రలు ఆట మొదట్లోనే రెండు క్లాసులు ఎంచుకుని, సంపాదించిన అనుభవ పాయింట్లను చెరి సగం పంచుకునేవి. ఇది పెద్ద శిక్షలా కనబడుతుంది గాని లెక్క వేస్తే కాదు. 1989 నాటి రెండవ ఎడిషన్ పట్టికల ప్రకారం 80,000 పాయింట్లు ఉన్న ఫైటర్ ఏడవ లెవెల్‌లో ఉంటాడు, అన్నే పాయింట్లు ఉన్న విజార్డ్ కూడా ఏడవ లెవెల్‌లోనే ఉంటాడు. అవే 80,000ను చెరి 40,000 పంచుకున్న ఎల్ఫ్ రెండింటిలోనూ ఆరవ లెవెల్‌కు చేరుతుంది. తొలి లెవెళ్ళలో ఒక మెట్టు ఎక్కడానికి కావలసిన పాయింట్లు దాదాపు రెట్టింపవుతూ పోయేవి కనుక, సగం పాయింట్లు పోయినా వెనకబడేది ఒక్క మెట్టే. అందువల్ల అసలు కాపలా పంపకంలో లేదు, జాతిని బట్టి పెట్టిన లెవెల్ పరిమితిలో ఉండేది. 1978 పుస్తకంలో ఎల్ఫ్ ఎంత బలశాలి అయినా ఫైటర్‌గా ఏడవ లెవెల్ దాటలేదు. ఈ పరిమితిని అన్యాయమన్నవారు ఆనాడే ఉన్నారు, వారి మాటలో పస లేకపోలేదు. కానీ అది ఏ గండికి అడ్డుగా కట్టినదో తెలుసుకుని తీసేయడం వేరు, తెలియక తీసేయడం వేరు.

తీసేసింది 2000లో. మూడేళ్ళ ముందే ఈ ఆటను ప్రచురించే టీఎస్సార్ సంస్థను కొనుగోలు చేసిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ ఏడాది మూడవ ఎడిషన్‌ను తెచ్చింది. జొనాథన్ ట్వీట్, మోంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన ఈ ఎడిషన్‌లో అన్ని క్లాసులకూ ఒకే అనుభవ పట్టిక వచ్చింది, జాతి పరిమితులు పోయాయి, లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ క్లాసులోనైనా ఒక లెవెల్ తీసుకోవచ్చునన్న నియమం వచ్చింది. అంతకు ముందు క్లాసు అంటే పాత్ర చేసే వృత్తి. ఆ ఏడాది నుంచి అది లెవెల్ చొప్పున కొనుక్కునే సరుకు అయింది. నేటి తగవంతా ఇక్కడే పుట్టిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒక్క ఉదాహరణ చాలు. విషాన్ని తట్టుకునే ఫోర్టిట్యూడ్ బలంగా ఉన్న ఏ క్లాసులోనైనా మొదటి లెవెల్‌కే దానికి 2 వచ్చేది, ఆ తరువాత రెండు లెవెళ్ళకు ఒకటి చొప్పున పెరిగేది. మూడవ లెవెల్ ఫైటర్‌కు 3 ఉంటుంది. ఫైటర్, రేంజర్, బార్బేరియన్‌లలో ఒక్కొక్క లెవెల్ తీసుకున్న పాత్రకు 6 ఉంటుంది. అంటే ఎనిమిదవ లెవెల్ ఫైటర్‌తో సమానం. పైగా రేంజర్ మొదటి లెవెల్‌లోనే రెండు చేతులా ఆయుధం పట్టి పోరాడే నేర్పు ఉచితంగా దొరికేది. విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్దతో ఎంగిలిపడి పక్క విస్తరికి జరగడమే లాభసాటి అయినప్పుడు, ఆటగాళ్ళు అలా జరిగారంటే తప్పు వారిది కాదు.

రూపకర్తలు దీన్ని ఊహించలేదనడానికి వీలు లేదు. క్లాసుల మధ్య తేడా ఒక లెవెల్‌ను మించితే అనుభవ పాయింట్లలో 20 శాతం కోత పెట్టారు. అయితే ప్రతి జాతికీ ఒక ఇష్ట క్లాసును, దానితో పాటు, కొన్ని షరతులు తీరాకే దొరికే ప్రెస్టీజ్ క్లాసులన్నిటినీ ఈ లెక్క నుంచి మినహాయించారు. తరువాతి పుస్తకాలలో ప్రెస్టీజ్ క్లాసులు కుప్పలుతెప్పలుగా వచ్చాక ఆ కోత పేరుకే మిగిలింది. 2003 సవరణలో రేంజర్ ఉచిత నేర్పును రెండవ లెవెల్‌కు జరిపారు. గండి పడిన చోట ఒక తట్ట మట్టి వేసినట్టయింది.

ఆటగాళ్ళ వాదన కూడా ఒకటి ఉంది. మంత్రగాళ్ళ విషయంలో మూడవ ఎడిషన్ మల్టీక్లాసింగ్ వరం కాదు, శాపం. అయిదు లెవెళ్ళ ఫైటర్, అయిదు లెవెళ్ళ విజార్డ్ కలిసిన పదవ లెవెల్ పాత్రకు మూడవ స్థాయి మంత్రాలే అందుతాయి, పక్కనున్న పదవ లెవెల్ విజార్డ్ అయిదవ స్థాయి మంత్రాలు వేస్తుంటాడు. ఇది నిజమే. కానీ ఒకరికి దోపిడీ, మరొకరికి దివాలా అయ్యే నియమాన్ని విచ్చలవిడిగా వదలాలనడానికి ఇది వాదన కాదు.

2008లో నాలుగవ ఎడిషన్ గండిని పూర్తిగా పూడ్చేసింది. ఒక ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నేర్పు) ఖర్చుపెట్టి మరో క్లాసు రుచి చూడడం తప్ప లెవెళ్ళు కలిపే వీలు లేదు. 2019లో ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండవ ఎడిషన్ కూడా ఇదే దారి పట్టింది. అక్కడ సొంత క్లాసు ఫీట్‌ను వదులుకుని మరో క్లాసులో అడుగు పెట్టాలి, ఆ క్లాసు నుంచి ఇంకో రెండు ఫీట్లు తీసుకున్నాకే మూడవ దాని వైపు చూడాలి. ఎంగిలిపడి లేచిపోవడానికి ఇది మందు. నాలుగవ ఎడిషన్‌ను మెచ్చనివారు చాలామంది ఉన్నా, ఈ ఒక్క విషయంలో దానికి దక్కవలసిన మన్నన దక్కలేదు.

2014లో అయిదవ ఎడిషన్ 2000 నాటి పద్ధతికే తిరిగి వెళ్ళి, పాత క్లాసుకూ కొత్త క్లాసుకూ ముఖ్యమైన సామర్థ్యాలలో 13 ఉండాలన్న షరతు పెట్టింది. ఆ పుస్తకమే ఇచ్చే 15, 14, 13, 12, 10, 8 అన్న అంకెల వరుసలో 13, అంతకు మించినవి మూడు ఉన్నాయి. 1978 నాటి 17తో పోలిస్తే ఇది కాపలాదారు లేని గేటు. వార్లాక్ (ఒప్పందంతో మంత్రశక్తి పొందేవాడు) క్లాసులో ఉపవిభాగంగా 2017లో వచ్చిన హెక్స్‌బ్లేడ్‌తో, వార్లాక్‌గా ఒక్క లెవెల్ తీసుకున్న పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు) కత్తిని కూడా తన మంత్రాలకు ఆధారమైన కరిష్మా అనే సామర్థ్యంతోనే తిప్పగలిగాడు. మంత్రాలకూ కత్తికీ ఒకే సామర్థ్యం చాలినప్పుడు మిగిలిన వాటిని పెంచే పని లేదు. ఈ ఎత్తు ఎంతగా వ్యాపించిందంటే, ఆ ఒక్క కలయికను మాత్రమే నిషేధించిన బల్లలు ఉన్నాయి.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట 13 షరతును కూడా ఎత్తేసింది. అక్కడ 100 బంగారు నాణేలు ఇస్తే పాత్రను మొదటి నుంచి మళ్ళీ తయారు చేసుకోవచ్చు కనుక, బెడిసికొట్టిన కలయిక వల్ల నష్టం లేదు. ఆ అలవాటుతో బల్ల దగ్గరకు వచ్చినవారికి డంజియన్ మాస్టర్ కాదనడం తొండిలా తోచడంలో వింత లేదు.

2024 పుస్తకం తెచ్చిన మందు సబ్‌క్లాసులన్నిటినీ, అంటే క్లాసుల ఉపవిభాగాలను, మూడవ లెవెల్‌కు జరపడం. హెక్స్‌బ్లేడ్ వంటివి ఇక మొదటి లెవెల్‌లో దొరకవు. అయితే అదే పుస్తకంలో వార్లాక్‌కు మొదటి లెవెల్‌లోనే ఒక ఇన్వొకేషన్ (ఎంచుకునే మంత్రశక్తి) ఇచ్చారు, దానితో ఎంచుకోగలిగిన వాటిలో పాక్ట్ ఆఫ్ ది బ్లేడ్ ఒకటి. అది తీసుకుంటే ఆయుధాన్ని కరిష్మాతో తిప్పవచ్చు. పాలడిన్‌కు ఈసారి కూడా ఒక్క లెవెలే ఖర్చు.